వేరే ఊళ్లో ఒక మనిషి

లోయర్ హట్, వెల్లింగ్టన్
6 మార్చి 2016

గిరిధర్ గారికి నమస్కారం.

నేను దామోదర్‌ని. ఆక్లండ్‌లో చదువుకునే రోజుల్లో రెండేళ్లపాటు ఒకే ఫ్లాట్‌లో మీ పక్క గదిలో ఉన్న దామోదర్‌ని. మీ అడ్రస్ టకానినిలో పచారీ కొట్టు నడిపే రాజారావు గారు ఇచ్చారు. ఫోన్ నంబర్ కూడా అడిగాను. నాకు ఇవ్వవద్దని మీరే చెప్పారట. అందుకని ఉత్తరం.

విషయానికి వస్తాను. మా ఇల్లు భూకంపాలు పుట్టే ఫాల్ట్ లైన్‌కు నాలుగు వందల మీటర్ల దూరంలో ఉంది. కొనేటప్పుడు ఏజెంట్ ఈ సంగతి పెద్దగా ఎత్తకుండా ఎండ బాగా పడుతుందన్నాడు. పడుతోంది. పోయిన నెల క్రైస్ట్‌చర్చ్‌లో మళ్లీ భూమి కదిలిన తర్వాత నేను ఇంటిని సిద్ధం చేయడం మొదలుపెట్టాను. రెండు వందల లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించాను. నలభై కిలోల బియ్యం, పప్పులు, టిన్ను ఆహారం గరాజ్‌లో ఉన్నాయి. చేత్తో తిప్పితే పలికే రేడియో కొన్నాను. మురుగు గొట్టాలు పగిలిపోతే వాడటానికి రెండు బకెట్లు ఉన్నాయి, ఒకటి ఒకటికి, ఇంకొకటి రెండోదానికి. వాటి మీద నా భార్య కీర్తన పేర్లు రాయనివ్వలేదు, రంగులు వేశాను.

ఇలాంటప్పుడు నింపాల్సిన ఫారం ఒకటి ఉంది, ఫ్రిజ్ మీద అంటించుకోవాలి. అన్ని గడులూ నింపాను. ఒకటి మిగిలింది: వేరే ఊళ్లో ఉండే కాంటాక్ట్ పర్సన్. భూకంపం వస్తే ఊళ్లో ఫోన్లు ఒకదానికొకటి కలవవు కానీ బయటి ఊరికి కలిసే అవకాశం ఉంది. అప్పుడు ఇంట్లోవాళ్లు ఎవరికివారు ఆ మనిషికి ఫోన్ చేసి తమ క్షేమం చెబుతారు. ఆయన ఒకరి కబురు ఇంకొకరికి చేరుస్తాడు. అంతే పని.

మాకు ఇక్కడ తెలిసిన కుటుంబాలు పద్నాలుగు. భూకంపం వస్తే వాళ్లూ మాతోపాటే కదా. బయటి ఊళ్లో ఫోన్ చేస్తే తప్పక ఎత్తే మనిషెవరా అని ఆలోచిస్తే మీ పేరు వచ్చింది. కీర్తన "ఎవరీయన?" అంది. పాత స్నేహితుడన్నాను. "ఎనిమిదేళ్లలో ఒక్కసారీ చెప్పలేదే?" అంది. ఫారంలో అలాంటి గడి లేదు కనుక జవాబు చెప్పలేదు.

మీకు సమ్మతమైతే నంబరు రాసి పంపండి. స్టాంపు అంటించిన కవరు ఇందులో పెట్టాను.

ఇట్లు
దామోదర్


హామిల్టన్
19 మార్చి 2016

దామోదర్‌కు,

గారు తీసెయ్. మీరు కూడా. నువ్వు మర్యాద చేస్తే ఇంకా చిరాకు వస్తుంది.

నీ ఉత్తరం అందింది. బకెట్ల సంగతి వివరంగా రాసినందుకు సంతోషం. ఒకటి మాత్రం నువ్వు రాయలేదు, నేను రాస్తాను. 2007 జూన్‌లో వరంగల్‌లో మా అమ్మ చనిపోయింది. నా ఫోన్ చెడిపోయి ఉంటే మా మేనమామ నర్సింహ నీ ఫోన్‌కు చేశాడు. నువ్వు ఆ కబురు మూడు రోజులు కడుపులో పెట్టుకుని, నా ఆఖరి పరీక్ష అయ్యాక చెప్పావు. ఆ మూడు రోజులూ నాకు టీ పెట్టి ఇచ్చావు. అక్కడ అమ్మను ఐసు మీద రెండు రోజులు ఉంచారు. మూడో పొద్దున ఇక ఉంచలేక తీసుకెళ్లిపోయారు. ఎందుకు చెప్పలేదురా అంటే, "పరీక్ష పోతుందని మీ మామయ్యే చెప్పొద్దన్నారు" అన్నావు.

తొమ్మిదేళ్ల తర్వాత నీకు కబురు చేరవేసే మనిషి కావలసి వచ్చి నా పేరు తట్టింది. దీనికేమనాలో నాకు తెలియడం లేదు.

ఇంట్లో చిన్నపిల్ల ఉందని రాజారావు చెప్పాడు. అందుకు ఒప్పుకుంటున్నాను. నంబరు కింద ఉంది. నిజంగా ప్రమాదం వస్తే తప్ప నువ్వు దానికి ఫోన్ చెయ్యకూడదు. నీ గొంతు వినాలని లేదు. చెప్పాల్సింది ఉంటే ఉత్తరం రాయి.

నేను పాలు పితికే యంత్రాలు బాగుచేసే కంపెనీలో పనిచేస్తున్నాను. పగలంతా డెయిరీ ఫారాల్లో తిరుగుతుంటాను, కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు. నీ భూకంపం ఆ టైము చూసుకుని రావాలి.

గిరిధర్


లోయర్ హట్
3 ఏప్రిల్ 2016

గిరిధర్‌కు,

ఒప్పుకున్నందుకు కృతజ్ఞతలు. ఫారం నిండింది. ఫ్రిజ్ మీద ఉంది.

నువ్వు రాసిన రెండో పేరా చదివాను. చాలాసార్లు చదివాను. దానికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చించాను. ఇది నాలుగోది. దీనిలో ఆ సంగతి లేదు, క్షమించు.

మా అమ్మాయి నవీనకు ఏడేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లిష్‌లో చెబుతుంది. ఆపదలో ఎవరికి ఫోన్ చెయ్యాలో నోటికి రావాలని దానిచేత రోజూ నీ నంబరు అప్పజెప్పిస్తున్నాను. ఎక్కాలకంటే ముందు అది వచ్చింది. అయితే అప్పజెప్పడం వేరు, నిజంగా చెయ్యడం వేరు. నువ్వు ఒప్పుకుంటే నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున పదింటికి, అది నీకు ప్రాక్టీస్ కాల్ చేస్తుంది. ఒక్క నిమిషం. నేను ఆ గదిలో ఉండను.

ఇంట్లో బరువైనవన్నీ గోడకు బిగిస్తున్నాను. టీవీ, బీరువా, పుస్తకాల అల్మరా, కీర్తన వాళ్లమ్మ ఇచ్చిన దేవుడి మందసం. మందసానికి బ్రాకెట్లు వేస్తుంటే కీర్తన "దేవుణ్ణి కూడా బిగించేస్తావా?" అంది. ఆయన పన్నెండు కిలోలున్నాడు, అన్నాను.

దామోదర్


హామిల్టన్
24 ఆగస్టు 2016

దామోదర్‌కు,

నాలుగు ఫోన్లు వచ్చాయి. రిపోర్టు ఇస్తున్నాను.

మొదటిసారి మీ అమ్మాయి "హలో కాంటాక్ట్ అంకుల్, దిస్ ఈజ్ ఓన్లీ ఎ ప్రాక్టీస్" అని చెప్పి, నేను నోరు తెరిచేలోపు పెట్టేసింది. పదకొండు సెకన్లు. రెండోసారి నువ్వు నిజం మనిషివేనా అని అడిగింది. అవునన్నాను. రుజువేంటంది. నేను అప్పుడు ఒక డెయిరీ ఫారంలో ఉన్నాను, ఫోన్ ఆవు మూతి దగ్గర పెట్టాను. ఆవు సహకరించింది. అప్పటినుంచి ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఆవుకు ఇమ్మంటుంది, తర్వాతే నేను. ఈ నెల మొదటి ఆదివారం నాకు సెలవు, ఇంట్లో ఉన్నాను. ఆవు లేదంటే నిరుత్సాహపడింది. అందుకని వచ్చే నెలనుంచి ఆ రోజు డ్యూటీ వేయించుకున్నాను. దీన్ని నువ్వు వేరేగా అర్థం చేసుకోకు.

పోయినసారి అది, "మా నాన్న మీకు ఎందుకు ఫోన్ చెయ్యడు?" అని అడిగింది. మీ నాన్న బాగా రాస్తాడు అందుకని, అన్నాను. ఇకముందు ఆ ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పు.

కీర్తన గారు పంపిన ఉసిరికాయ పచ్చడి అందింది. అది అత్యవసర నిల్వలోది కాదని సీసా మీద చీటీ అంటించారు. ఆమెకు నా నమస్కారాలు చెప్పు.

గిరిధర్


లోయర్ హట్
2 అక్టోబర్ 2016

గిరీ,

పాత అలవాటుతో అలా రాశాను. కొట్టేస్తే కాగితం పాడవుతుందని వదిలేస్తున్నాను.

నిన్న ఇంట్లో మొత్తం డ్రిల్ చేశాం. నేను స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాను. నవీన నాలుగు సెకన్లలో బల్ల కిందికి వెళ్లింది. కీర్తన స్టవ్ మీద పోపు ఉందని చెప్పి రాలేదు. భూకంపం పోపు చూసి ఆగుతుందా, అన్నాను. "ఆగకపోతే మాడిన పోపు తింటావా?" అంది. తర్వాత గరాజ్‌లో నిల్వలు చూపించాను. కీర్తన ముప్పై ఆరు బీన్స్ డబ్బాలనూ లెక్కపెట్టింది. చివరికి, "ఇవి తినే రోజు వస్తే నన్ను రక్షించకు" అంది. దాన్ని ఫారంలో ఎక్కడ రాయాలో తెలియలేదు.

నవంబర్ పదమూడునుంచి ఒక వారం నేను పామర్‌స్టన్ నార్త్‌లో ఉంటాను. నేను పనిచేసే డిపార్ట్‌మెంట్‌కు అక్కడ ఇంకొక సర్వర్ గది ఉంది. వెల్లింగ్టన్ ఆఫీసు పనిచేయకపోతే అన్నీ అక్కడినుంచి నడవాలి. అది నడుస్తుందో లేదో పరీక్షించడం మా పని. ఆ వారం ఇంట్లో వాళ్లిద్దరే ఉంటారు. నీకు తెలిసి ఉంటే మంచిదని రాస్తున్నాను.

ఇంకొకటి కూడా రాద్దామనుకున్నాను. నవీన పిలుస్తోంది. తర్వాత రాస్తాను.

దామోదర్


హామిల్టన్
20 నవంబర్ 2016

దామోదర్‌కు,

మంగళవారం నువ్వు ఫోన్‌లో అరిచి పెట్టేశావు. నేను మళ్లీ చేయలేదు. రోజూ కీర్తన గారితో రెండు నిమిషాలు మాట్లాడుతున్నాను. తన కాలికి రాడ్డు వేశారని, తలకు దెబ్బ పైపైనే అని చెప్పారు. మొన్నటిదాకా నీ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజు నీకు తెలియకుండా నేనేం చేశానో నువ్వు తెలుసుకోవాలి. అందుకే ఈ ఉత్తరం.

ఆదివారం అర్ధరాత్రి దాటాక పెద్ద భూకంపం వచ్చినప్పుడు కీర్తన గారు నాకు మెసేజ్ పెట్టారు: ఇద్దరం క్షేమం, దేవుడు కూడా కదల్లేదు. ఐదు నిమిషాల్లో నీ మెసేజ్ వచ్చింది. ఇటుది అటు, అటుది ఇటు చేర్చాను. నీ ఫారం పనిచేసింది. సోమవారమంతా మీ వెల్లింగ్టన్ ఆఫీసు మూసేసి సర్వర్లన్నీ నీ మీద పడ్డాయి, నువ్వు కదల్లేకపోయావు. ఇవన్నీ నీకు తెలిసినవే.

మంగళవారం పొద్దున తొమ్మిదీ పదికి నేను మాటమాటా అనే ఊరి దగ్గర ఒక డెయిరీ ఫారంలో ఉన్నాను. ఫోన్ మోగింది. మీ ఇంటి నంబరు. మొదటి ఆదివారం కాదే అనుకుంటూ ఎత్తాను.

"కాంటాక్ట్ అంకుల్, దిస్ ఈజ్ నాట్ ఎ ప్రాక్టీస్."

గొంతు వణకలేదు. అదే నన్ను భయపెట్టింది. అమ్మ గరాజ్‌లో బియ్యం తీస్తుంటే మళ్లీ భూమి ఊగిందని, సరుకుల అర మొత్తం మీద పడిందని, డబ్బాలు తలకు తగిలాయని, కాలు తప్పుగా ఉందని చెప్పింది. అంబులెన్స్ కోసం 111కి ముందే చేశానంది. అమ్మ మాట్లాడుతోందా తల్లీ అన్నాను. "షి ఈజ్ సేయింగ్ థింగ్స్, బట్ నాట్ వర్డ్స్" అంది. ఫోన్ పెట్టకు, నేను ఇక్కడే ఉన్నా అన్నాను. ఏం చెప్పాలో తెలియక, ఆవుకు ఇవ్వనా అన్నాను. ఇప్పుడు వద్దంది. అంబులెన్స్ వచ్చేదాకా పదహారు నిమిషాలు. పక్కింటి ఆవిడ వచ్చి పిల్లను తీసుకుంది. అంబులెన్స్ ఆయన ఫోన్ తీసుకుని, కాలు విరిగింది, తలకు స్కాన్ తీస్తేగానీ చెప్పలేమన్నాడు.

పదింటికి నువ్వు చేశావు, దారిలో లెవిన్ ఊరి పెట్రోల్ బంకు నుంచి. తొమ్మిదేళ్ల తర్వాత నీ గొంతు. "గిరీ, బయల్దేరాను, వాన విపరీతంగా ఉంది. ఇంట్లో ఫోన్ ఎత్తట్లేదు. నీకేమైనా తెలుసా?" అన్నావు. రోడ్ల మీద కొండచరియలు పడుతున్నాయని అప్పుడే రేడియోలో విన్నాను. "అంతా బాగున్నారు. లైన్లు బిజీ. నువ్వు మెల్లగా నడుపు" అన్నాను.

నువ్వు దీన్ని అర్థం చేసుకున్నావని కీర్తన గారు నిన్న చెప్పారు. వానలో, ఆ రోడ్డు మీద, ఆ కబురు వింటే ఎలా నడిపేవాడివో అని నేను భయపడ్డానని నువ్వు అనుకుంటున్నావట. నిజమే. ఆ ఒక్క ఫోన్ వరకు.

పదకొండున్నరకు మళ్లీ చేశావు. పోలీసులు పారపరౌము దగ్గర ఆపేశారని, ఒక హాల్లో కూర్చోబెట్టి టీ ఇచ్చారని, ఈ పూట రోడ్డు తెరవరని చెప్పావు. అప్పుడు నీ చేతిలో స్టీరింగ్ లేదు, కప్పు ఉంది. ఇక అడ్డేమీ లేదు. నువ్వు అడిగావు కూడా, "కీర్తన ఏమైనా చెప్పిందా?" అని. నేను ఏమన్నానో గుర్తుందా? "పడుకున్నదట. మెసేజ్ పెట్టింది" అన్నాను. లేని మెసేజ్‌ను పుట్టించాను. పన్నెండున్నరకు ఆసుపత్రివాళ్లు స్కాన్ బాగుందని చెప్పాకే నీకు ఫోన్ చేసి నిజం చెప్పాను.

ఆ గంట రోడ్డు కోసం కాదు. నీ కోసం కూడా కాదు. నాకు నోరు రాలేదు, అంతే. చెడ్డ కబురు నా నోటితో చెప్పడం నావల్ల కాలేదు. స్కాన్ బాగోలేకపోతే ఎప్పుడు చెప్పేవాణ్నో నాకు తెలియదు.

నువ్వు అరిచింది న్యాయమే.

గిరిధర్


లోయర్ హట్
4 డిసెంబర్ 2016

గిరీ,

కీర్తన ఇంటికొచ్చింది. రెండు కర్రల మీద నడుస్తోంది. బడి, వంట, బట్టలు నేను చూస్తున్నాను. ఆమె సోఫాలో కూర్చుని ఏది ఎక్కడుందో చెబుతోంది. గరాజ్‌లోకి మాత్రం వెళ్లనంది. బీన్స్ డబ్బాలన్నీ లేనివాళ్లకు సరుకులిచ్చే ఫుడ్‌బ్యాంక్‌కు ఇచ్చేశాను. సొట్టపోయినవి వాళ్లు తీసుకోలేదు.

ఇంట్లో అన్నీ గోడకు బిగించాను. గరాజ్‌లోని ఆ ఒక్క అర బిగించలేదు. స్క్రూలు అయిపోయాయి, మళ్లీ కొనడానికి దుకాణానికి వెళ్లాలి, వచ్చే వారం చూద్దామనుకున్నాను. అది ఏప్రిల్‌లో. ఈ మాట కీర్తనతో చెప్పడానికి నాకు ఆరు రోజులు పట్టింది. చెప్పాక ఆమె, "నాకు తెలుసు, గోడకు రంధ్రాలు లేవుగా" అంది.

ఆ హాల్లో నువ్వు నిజం చెప్పిన తర్వాత నాకు ఏం జరిగిందో రాస్తాను. ముందు కీర్తన గురించి భయం వేసింది. ఆ తర్వాత గడిచిన గంట గుర్తుకొచ్చింది. ఆ గంటలో నేను పక్కన కూర్చున్న ముసలాయనతో వాన గురించి మాట్లాడాను. రెండు బిస్కెట్లు తిన్నాను. ఒక జోకు చెబితే నవ్వాను కూడా. నా భార్య స్కాన్ గదిలో ఉంటే నేను నవ్వాను. అది నాకు తెలియకుండా నన్ను చేయనిచ్చావని నీ మీద అరిచాను. అరుస్తుండగానే, నీకు నేను మూడు రోజులు టీ పెట్టి ఇచ్చిన సంగతి తట్టింది. ఫోన్ పెట్టేసింది అందుకే. నీ మీద కోపంతో కాదు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. ఈసారి కాగితం చించను.

మీ మామయ్య చెప్పొద్దనలేదు. ఆయన ఏడుస్తూ, "మా అక్క పోయింది కొడుకా, వాన్ని జల్ది తోలియ్యి, వాడొచ్చేదాంక తియ్యం" అన్నారు. అప్పుడు నువ్వు వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నావు. నీ వెనక వచ్చి నిలబడ్డాను. "ఏమైందిరా, సప్పుడు చేస్తలేవు?" అన్నావు. ఏం లేదన్నాను. ఆ ఏం లేదు అన్న తర్వాత ప్రతి గంటా చెప్పడం ఇంకా కష్టమైంది. మర్నాడు ఆయన మళ్లీ చేసి, "ఎల్లిండా?" అని అడిగారు. టికెట్ దొరకలేదు, ప్రయత్నిస్తున్నాడు అన్నాను. మూడో రోజు ఇక ఆగలేమన్నారు. సరే అన్నాను. నీ తరఫున నేను సరే అన్నాను గిరీ. పరీక్ష అన్నది నీకు చెప్పేటప్పుడు నోటికొచ్చిన మాట. మామయ్య పేరు అప్పుడే కల్పించాను.

నువ్వు ఒక గంట దాచి ఐదు రోజుల్లో ఒప్పుకున్నావు. నేను తొమ్మిదేళ్లు తీసుకున్నాను.

దీనికి ఏ జవాబు వచ్చినా సరే. రాకపోయినా సరే. నవీన ఇవాళ పొద్దున నీకు ఫోన్ చేసిందని తెలుసు. నీకు ఇష్టం లేకపోతే దానికి నేను నచ్చజెబుతాను.

దామోదర్


హామిల్టన్
12 డిసెంబర్ 2016

దామూ,

మామయ్య నాకు అప్పుడే చెప్పాడు. అమ్మ పదకొండో రోజున, అందరూ భోజనాలు చేసి వెళ్లాక, "టికెట్ దొరకకపాయెనారా బిడ్డా" అన్నాడు. ఏ టికెట్టు మామా అన్నాను. అలా బయటపడింది. నువ్వు ఆయనతో ఏమన్నావో మాటకు మాట నాకు తెలుసు.

తిరిగొచ్చాక నేను అరవకుండా పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది అందుకే. నువ్వే చెప్పాలని చూశాను. ఏడాది చూశాను, రెండేళ్లు చూశాను, తర్వాత చూడటం మానేశాను. ఈ మార్చిలో కవరు మీద నీ అక్షరాలు చూసి నాలుగు రోజులు విప్పలేదు. ఇన్నాళ్లకు రాశాడు అనుకున్నాను. విప్పితే బకెట్లు.

క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది, మనిద్దరం ఈమధ్యే వాటికి స్వస్తి చెప్పాం. అమ్మ ముఖం నేను చూడలేదు, అది ఇక మారదు. కానీ నీ ఉత్తరం చదివాక చాలాసేపు కోపం కోసం చూశాను. ఎప్పుడూ ఉండే చోట లేదు. ఎక్కడైనా ఉందేమో, దొరికితే రాస్తాను.

మామయ్యకు నువ్వు ఫోన్ చెయ్యాలి. ఆయనకు డెబ్బై రెండేళ్లు, చెవి సరిగా వినిపించదు. గట్టిగా చెప్పాలి. నంబరు వెనక రాశాను.

పదిహేడో తారీకు శనివారం పొద్దున బయల్దేరుతున్నాను, సాయంత్రం నాలుగింటికల్లా అక్కడ ఉంటాను. పది రోజులు సెలవు పెట్టాను. కీర్తన గారు కర్రలు వదిలేదాకా వంట నేను చూస్తాను, నీ వంట గురించి ఆమె చెప్పింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు ఇక్కడినుంచే తెస్తాను. మా అమ్మ గిన్నెకు ఒత్తి కాల్చే సర్వపిండి చేస్తాను. ఎన్నిసార్లు చేసినా నాకు అంచులు మాడి మధ్యలో పచ్చిగా ఉంటుంది. ముగ్గురూ తినాలి.

గిరి